గరుకు దిమ్మలు

"చేపలు అద్దంలో మొహం చూసుకుంటాయా మేస్త్రీ?" అని జాలర్ల సంఘం అధ్యక్షుడు అందరి ముందూ అడిగేశాడు.

అడగడా మరి. చేపలు గూడు కట్టుకోవాలని సంఘం ఈ మేస్త్రితోనే ముప్పై కాంక్రీటు దిమ్మలు చేయించి, మునిగిపోయిన పాత సరుకు ఓడ పక్కన సముద్రంలో దింపింది. లోపల బోలు, పక్కల్లో కంతలు. ముప్పయ్యేళ్ళుగా గోడలు నున్నగా తీర్చిన చెయ్యి ఊరుకుంటుందా? ప్రతి దిమ్మనూ గాజుపలకలా నున్నగా తీర్చాడు. ఏడాది తిరిగినా వాటికి పాచి తప్ప ఏదీ అంటలేదు. పక్కనున్న తుప్పు ఓడ మాత్రం చేపలతో కిటకిటలాడుతోంది.

ఆ ఓడ దగ్గరికి డైవర్లను తీసుకెళ్ళేది మేస్త్రి మేనకోడలే.

"గరుకు లేకపోతే ఆల్చిప్ప దేన్ని పట్టుకుంటుంది మావయ్యా? ఆల్చిప్పలు లేకపోతే చేపలెందుకొస్తాయి? దిగి చూడు."

"యాభై రెండేళ్ళొచ్చాయే నాకు."

"ఓడకి నీకంటే ఎక్కువే."

వారం రోజులు ఈతకొలనులో నీళ్ళు మింగి, ఆపైన వీపున గాలి సిలిండర్ కట్టుకుని నలభై అడుగుల లోతుకు దిగాడు. ఓడ రేకు మీద అరచెయ్యి ఆనించాడు. గీరుకుపోయింది. పైకొచ్చి మాస్కు తీసి, "నేర్చిందంతా ఇక్కడ మరిచిపోవాలన్నమాట," అన్నాడు.

ఇంకో ఇరవై దిమ్మలు పోస్తానన్నాడు.

"చేపలు కాపురం పెడితేనే డబ్బు," అన్నాడు అధ్యక్షుడు.

సిమెంటు ఖర్చు మేస్త్రిదే. ఇవీ బోడిగా మిగిలితే డబ్బుతో పాటు పేరూ నీళ్ళపాలే. దిమ్మ పూర్తిగా గట్టిపడకముందే ఇనుప బ్రష్షుతో గీకి కంకర తేల్చాడు. ప్రతిదాని మీదా మేకుతో నంబరు గీశాడు.

"ఇలాంటి గోడ కడితే ఇంటాయన మనల్ని తరిమి కొడతాడు మేస్త్రీ," అని కూలీలు నవ్వారు. అలవాటుకొద్దీ రెండుసార్లు తాపీ అందుకోబోతే, భార్య దాన్ని బీరువాలో పెట్టి తాళమేసింది.

కొత్త దిమ్మలు దింపిన పద్నాలుగు నెలలకు మళ్ళీ దిగాడు. పదిహేడో నంబరు దిమ్మను ఆల్చిప్పలు సగం మింగేశాయి. కంతలోంచి చేపల గుంపు బుస్సున బయటికొచ్చి అతని మాస్కును రాసుకుంటూ పోయింది. నీళ్ళలో అరవడం కుదరక, వీడియో తీస్తున్న మేనకోడలి భుజం మీద ఒక్కటేశాడు. ఆమె చేతిలో కెమెరా ఊగింది.

అధ్యక్షుడు పడవలోనే ఆ వీడియోను ఫోనులో రెండుసార్లు చూశాడు. "ఇది ఓడ దగ్గర తీసింది కాదు కదా?"

"ఓడ మీద నా నంబరెందుకుంటుందండీ?"

ఆయన ఫోను తనే పక్క పడవవాళ్ళకి చూపించి, "మన దిమ్మలు," అన్నాడు.

సముద్రతల్లి కరుణించిందని ఒడ్డున ఎవరో అన్నారు. సముద్రం కరుణించదు, గరుకుంటే పట్టనిస్తుంది, లేకపోతే లేదు. ఆ సంగతి మేస్త్రి అరచేతికి తెలుసు. ఇప్పుడు వారానికోసారి సుత్తి, ఉలి పట్టుకుని దిగి, తను నున్నగా తీర్చిన పాత ముప్పై దిమ్మలకూ తనే పెచ్చులూడగొడుతున్నాడు.

కొత్త ఇరవైలో చేపలు చేరిన పద్నాలుగు దిమ్మలకు డబ్బు వచ్చింది. మిగతా ఆరు దిమ్మల్లో చేపలు చేరాక సంఘం ఇవ్వాలి.