వంకర పన్ను కేసు

కోపంలో పళ్ళు రాలగొడతానని అననివాడు ఉండడు. అనేవాళ్ళు ఇంటికి నలుగురుంటారు గాని నిజంగా రాలగొట్టేవాళ్ళు తక్కువ. రాలగొట్టి, ఆ పళ్ళే మళ్ళీ కూర్చుని చేసి పెట్టాల్సి వచ్చినవాడు మాత్రం బహుశా ఇతనొక్కడే.

అందరూ అతన్ని పళ్ళమేస్త్రి అనేవారు. డాక్టరు కాదు. డాక్టరమ్మ ముందుగదిలో నోళ్ళు తెరిపించి చూస్తే, అతను వెనకగదిలో ఆ నోళ్ళకి కట్టుడు పళ్ళు తయారుచేసేవాడు. కిటికీ లేని గది. బల్ల నిండా ప్లాస్టర్ దవడలు, మైనం కరిగించే చిన్న దీపం, అరగదీసే కాగితం. మధ్యాహ్నం భోజనం డబ్బా కూడా ఆ దవడల మధ్యే తెరిచేవాడు. ఇరవయ్యేళ్ళు ఇదే పని కావడంతో అతనికి మనుషుల మొహాలు గుర్తుండడం మానేశాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేసేవాడు. వాళ్ళు నవ్వితే చాలు, "ఓ, మీరా!" అనేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఏ సంబంధం తెచ్చినా పిల్ల పళ్ళకి వంక పెడుతున్నాడని అక్క విసిగిపోయి వదిలేసింది.

అతనికి ఉన్నదల్లా ఆ అక్కే. తల్లి పోయాక పెంచింది ఆవిడే. చిన్నప్పుడు ఆవిడ గిన్నెలు తోమితే తను పీటెక్కి కడిగేవాడు. ఆవిడ పెళ్ళిచేసుకున్నది బ్యాండులో క్లారినెట్ వాయించే మనిషిని. మంచివాడే, నవ్వితే ఇల్లెగిరిపోయేది. మేస్త్రి బాధల్లా ఒకటే. బావకి ముందు పళ్ళలో ఎడమది వంకర. పక్క పన్ను మీదకి ఒరిగి, దాని చెవిలో ఏదో రహస్యం చెబుతున్నట్టుండేది. ఆ పన్ను చూసినప్పుడల్లా మేస్త్రికి చేతులు దురద పెట్టేవి.

మేనకోడలికి ఉద్యోగం వచ్చిందని అక్క ఇంట్లో భోజనాలు పెట్టారు. అందరూ కూర్చున్నాక మేస్త్రి నోరు ఊరుకోలేదు.

"బావా, ఆ వంకర పన్ను ఒక్క పూట నాకొదిలెయ్. సరిచేసేస్తా. మనవాడివి కాబట్టి ఊరికే."

"నాకొద్దురా బాబూ," అన్నాడు బావ. "నువ్వు పళ్ళు కట్టినవాళ్ళందరూ ఒకేలా నవ్వుతున్నారు. మా బ్యాండు వాయించే చోటల్లా చూస్తున్నాను, సగం ముసలాళ్ళు ఒక్క తల్లి బిడ్డల్లా ఉన్నారు."

భోజనాల గదంతా గొల్లున నవ్వింది. మేస్త్రి జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు. లేచి, బావకి ఒక్కటి ఇచ్చాడు. రెండు పళ్ళు ఎగిరిపోయాయి. వంకర పన్ను సమస్య ఆ విధంగా పరిష్కారమైంది.

అంతటితో ఆగినా బాగుండేది. బావ నోరు పట్టుకుని కూలబడితే, మేస్త్రి అతని వైపు కూడా చూడకుండా మోకాళ్ళ మీద వంగి సోఫా కింద వెతకడం మొదలుపెట్టాడు. ఊడిన పన్నుని పాలల్లో వేసి వెంటనే తీసుకెళ్తే మళ్ళీ నాటుకోవచ్చు. అది అతనికి తెలుసు, మిగతావాళ్ళకి తెలీదు. వంటింట్లోంచి అక్క గాజుగ్లాసు ఒకటి తీసి, పాలు పోసి, రెండు పళ్ళూ అందులో వేసి, తువ్వాలు కప్పి పరిగెత్తాడు. పక్కింటాయన ఫోన్ చేయడంతో వచ్చిన పోలీసులు వీధి గుమ్మంలోనే ఎదురయ్యారు.

"ఏంటది?"

"పళ్ళండి."

"ఎక్కడికి?"

"డాక్టరమ్మ దగ్గరికండి."

"మనిషిని వదిలేసి పళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్తున్నావా?"

మేస్త్రి తువ్వాలు ఇంకాస్త దగ్గరగా కప్పాడు. గ్లాసు జప్తు చేశారు. పళ్ళు ఆ పాలల్లోనే ప్రాణం వదిలాయి. బావ ఆస్పత్రి మంచం మీద మంచి కోపంలో ఫిర్యాదు మీద సంతకం పెట్టాడు. మేస్త్రి మీద రెండు నేరాలు రాశారు. పళ్ళు విరగ్గొట్టడం ఒకటి, సాక్ష్యం మాయం చేయబోవడం ఇంకొకటి.

బెయిలు మీద బయటికొచ్చి అక్క ఇంటికి వెళ్తే ఆవిడ తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతను హాయిగా నిద్రపోయేవాడు. ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. దారిలో ఎదురైతే గోడని చూసినట్టు చూసి వెళ్ళిపోయేది. జైలుకి వెళ్ళడానికి అతను ఎలాగో మనసు గట్టిచేసుకున్నాడు గాని, అక్క మాట్లాడకపోవడానికి మాత్రం చేసుకోలేకపోయాడు. ఈ కేసు ఉన్నంతకాలం ఆ తలుపు తెరుచుకోదని అతనికి అర్థమైంది.

వకీలు ఫైలు తిరగేసి విషయం విప్పి చెప్పాడు. "కొట్టిన నేరం వరకూ మీ బావ క్షమించి, కోర్టు సరేనంటే ఇక్కడే తీరిపోతుంది. సాక్ష్యం దాచడం అలా కాదు. అది మీ బావ మీద చేసింది కాదు కాబట్టి ఆయన క్షమించినా చెల్లదు. ఇద్దరూ రాజీపడి, పెద్ద కోర్టుకెళ్ళి, మొత్తం కేసు కొట్టెయ్యమని అడగాలి."

"అంటే కొట్టినందుకు సులువు, పళ్ళు బతికిద్దామనుకున్నందుకు కష్టమా అండి?"

"అంతే," అన్నాడు వకీలు.

రాజీ మాట బావ దగ్గరికి వెళ్ళింది. డబ్బు వద్దన్నాడు. క్లారినెట్ వాయించేవాడు పై పళ్ళని దాని మూతి మీద ఆనించి ఊదాలి. ముందు పళ్ళు లేక అతను అప్పటికి చాలాకాలంగా ఇంట్లోనే కూర్చుని ఉన్నాడు. బ్యాండులో అతని చోట ఎవరో కుర్రాడు వాయిస్తున్నాడు.

"వాడే కట్టాలి నా పళ్ళు," అన్నాడు బావ. "అవి పెట్టుకుని నేను వాయించగలిగిన రోజు సంతకం పెడతా. అంతవరకూ లేదు."

అలా నిందితుడూ బాధితుడూ వెనకగదిలో ఎదురెదురుగా కూర్చున్నారు.

"నోరు తెరువు బావా."

బావ తెరిచాడు. అచ్చు తియ్యడానికి మేస్త్రి ముద్ద పెట్టి వేళ్ళతో అదిమి పట్టుకున్నాడు. కొట్టినవాడి వేళ్ళు నోట్లోనే ఉన్నా కొరకడానికి ముందు పళ్ళు లేవు. కళ్ళతోనే కొరికేస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు బావ.

మొదటి జత ముత్యాల్లా వచ్చింది. బావ పెట్టుకుని ఊదితే క్లారినెట్ పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. రెండోది ఇంకా బాగా వచ్చింది, ఇంకా గట్టిగా అరిచింది. మూడోదానికి మేస్త్రి తల ప్రాణం తోకకొచ్చింది.

"క్లారినెట్ మార్చి చూడు బావా. లోపం అందులో ఉందేమో."

"అవును, ఇరవై రెండేళ్ళు బాగా మోగి నువ్వు కొట్టగానే పాడైపోయింది," అన్నాడు బావ.

లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. అక్క మాట్లాడదు గనక ఇటు మాట అటు, అటు మాట ఇటు మొయ్యడం కూడా దెబ్బతిన్నవాడి నెత్తినే పడింది.

"మీ అక్క ఒక మాట చెప్పమంది. నాకు నా పళ్ళు పెట్టమంది, నీ పళ్ళు కాదంది."

మేస్త్రి తను చేసినవన్నీ బల్ల మీద వరసగా పెట్టి చూశాడు. మూడు జతల్లోనూ అతను ఎడమ పన్నుని నిటారుగా నిలబెట్టాడు. పొరపాటున కాదు. ఎలాగూ చేస్తున్నాను కదా, ఇన్నాళ్ళ వంకరా ఇప్పుడు పోతుంది అనుకున్నాడు. బావ వద్దన్నదాన్ని కొట్టి మరీ చేస్తున్నానని అతనికి తట్టనే లేదు. తట్టేసరికి సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ పన్ను వంకర కొలవడానికి కొలత ఏదీ లేదు. అసలుది పోలీసుల దగ్గర ఉంది. కానీ అన్నేళ్ళు కళ్ళలో గుచ్చుకున్న పన్ను, అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. మైనంతో ఒంచాడు. నేర్చుకున్న విద్యంతా వద్దు వద్దంటుంటే ఇంకాస్త ఒంచాడు. అంచు మీద, క్లారినెట్ ఆని ఆని అరిగినచోట, చిన్న గాడి కూడా పెట్టాడు.

బావ పెట్టుకున్నాడు. నాలుకతో తడిమి చూసుకుని క్లారినెట్ ఎత్తాడు. ఈసారి అరవలేదు. పాట వచ్చింది, ఆ కిటికీ లేని గదిలో ప్లాస్టర్ దవడలన్నీ నోళ్ళు తెరిచి వింటుండగా వచ్చింది. మేస్త్రి మొట్టమొదటిసారి పళ్ళని వదిలేసి బావ మొహం చూశాడు. కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు. బుగ్గలు దిగిపోయాయి. ఎంత చిక్కిపోయాడో అప్పుడు కనబడింది.

"తప్పయిపోయింది బావా," అన్నాడు. రాజీ కాగితాల్లో ఎక్కడా లేని మాట అది. బావ పాట ఆపలేదు గాని, తల ఊపాడు.

పెద్ద కోర్టులో జడ్జిగారు కాగితాలు చదివి బావని ముందుకి రమ్మన్నారు. అక్క వెనక బెంచీలో, తమ్ముడికి వీలైనంత దూరంగా కూర్చుంది.

"మీరు ఇష్టపడే రాజీపడ్డారా? ఎవరైనా బలవంతపెట్టారా?"

"ఇష్టపడేనండి."

"నష్టపరిహారంగా పళ్ళు కట్టించాడని రాశారు. ఏవీ?"

బావ పెదవి ఎత్తి చూపించాడు. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగారు. మొహం చిట్లించారు.

"ఇదేం పని? ఎడమది వంకరగా ఉందేమిటి? పళ్ళు విరగ్గొట్టి, ఇలాంటివి అంటించి కేసు కొట్టెయ్యమంటే కుదరదు."

జడ్జిగారు మేస్త్రి వైపు తిరిగారు.

"ఇది నువ్వు చేసిందేనా?"

ఇరవయ్యేళ్ళ పేరు ఒకపక్క, వంకర పన్ను ఒకపక్క.

"చేసింది నేనేనండి. పన్ను మాత్రం ఆయనదండి. అది ముందునుంచీ అంతే. నేను సరిచెయ్యబోవడం వల్లే ఈ కేసు వచ్చిందండి."

జడ్జిగారు బావని చూశారు. బావ నవ్వాడు. ఇల్లెగిరిపోయే పాత నవ్వు, కోర్టు అని కూడా చూడకుండా నవ్వాడు. వంకర పన్ను ఉన్నచోట ఉంది. వెనక బెంచీలో అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కేసు కొట్టేశారు. జప్తు చేసిన వస్తువులు తిరిగి ఇచ్చేయమన్నారు.

కొన్నాళ్ళకి స్టేషన్లో గ్లాసు ఇచ్చారు, పళ్ళు కాగితం పొట్లంలో ఇచ్చారు. మేస్త్రి రెండూ పట్టుకుని అక్క తలుపు కొట్టాడు. ఆవిడ తలుపు తీసింది. పొట్లం తీసుకుని విప్పకుండానే నడుం దగ్గర దోపుకుంది. గ్లాసుని వెలుగులో పెట్టి చూసింది. అడుగున పాలు ఎండిపోయి తెల్లటి గీత కట్టి ఉంది.

"ఇలాగేనా తెచ్చేది?" అంది అక్క. అంతకాలం తర్వాత ఆవిడ అతనితో అన్న మొదటి మాట అది. "లోపలికి రా. నేను తోముతా, నువ్వు కడుగుదువుగాని."