తమ్ముడికి నేర్పిన లెక్క

నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. సంభావ్యత పాఠం మొదలుపెట్టే రోజున క్లాసుకి ఒక పేకముక్కల కట్ట తీసుకెళ్ళడం నా అలవాటు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఇంటికి భోజనానికి వచ్చిన తమ్ముడు ఆ కట్ట తెమ్మని అడిగాడు.

వాడు జగ్గయ్యపేట దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో రాయి పేల్చే పని చేసేవాడు. రాతిలో వరసగా గుంటలు వేయించి, మందు కూరి, సైరన్ మోగించి, అందరినీ దూరంగా పంపాక మీట నొక్కాలి. తర్వాత అన్నీ పేలాయో లేదో చూసుకోవాలి. ఒక్క గుంట మీద అనుమానమున్నా, అది ఆలస్యంగా పేలొచ్చు కనుక నియమం చెప్పినంత సేపు ఆగి, ఆ తర్వాతే దగ్గరికి వెళ్ళాలి. ఆ పనిలో తొందరపడడని వాడికి పేరు. దగ్గర్లోని వత్సవాయి దాకా బండి మీద వెళ్ళాలన్నా హెల్మెట్ పెట్టుకునే మనిషి.

అందుకే ఫోన్‌లో డబ్బు పెట్టి వీడియో పోకర్ అనే పేకాట ఆడుతున్నానని వాడు చెప్పినప్పుడు నాకు భయం వెయ్యలేదు.

"అక్కా, ఐదు ముక్కలూ ఒకే గుర్తువైతే గెలుపు. నా చేతిలో నాలుగు ఆఠీన్లున్నాయనుకో. ఐదో ముక్క మారిస్తే ఆఠీనే రావడానికి ఛాన్సెంత?"

ముక్కలు పరిచి చూపించాను. ఐదు బయటికి వచ్చాయి కనుక కట్టలో మిగిలినవి నలభై ఏడు. పదమూడు ఆఠీన్లలో నాలుగు వాడి దగ్గరే ఉన్నాయి కనుక మిగిలినవి తొమ్మిది. అంటే ఐదుసార్లకి ఒకసారి కూడా గ్యారంటీ లేదు.

"మరి పదిసార్లు వరసగా రాకపోతే పదకొండోసారి రావాలి కదా?"

"అక్కర్లేదురా. ముక్కలకి జ్ఞాపకం ఉండదు. ప్రతిసారీ అదే తొమ్మిది, అదే నలభై ఏడు."

కాసినోలో తిరిగే చక్రం గురించి కూడా అడిగాడు. అందులో గళ్ళు ముప్ఫై ఏడైతే, గెలిచినవాడి చేతికి వచ్చేది ముప్ఫై ఆరు రెట్లేనని, ఆ ఒక్క గడి ఎప్పుడూ ఆట పెట్టినవాడిదేనని చెప్పాను. వాడు నా మంచి విద్యార్థులకన్నా శ్రద్ధగా విన్నాడు. నాకు ఉత్సాహం వచ్చింది. ఏ ముక్కలు ఉంచుకోవాలో, ఏవి వదిలేయాలో ఒక కాగితం మీద రాసిచ్చాను. ఎంత బాగా ఆడినా డబ్బు నెమ్మదిగా పోతుందే తప్ప మిగలదని కూడా చెప్పాను. వాడు ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

రెండు నెలల తర్వాత ఒక నోటుబుక్కుతో వచ్చాడు. నాలుగు ముక్కలు ఒకే గుర్తువి వచ్చిన ప్రతిసారీ గీత గీసి పెట్టాడు. మూడొందల ఇరవై సార్లు. అందులో ఐదోది కలిసింది ముప్ఫై ఒక్కసారి.

నేను లెక్క వేశాను. అరవై దగ్గర ఉండాలి. తేడా రావడం మామూలే కానీ, నిజమైన పేకకట్టతో ఇంత తేడా రావడం దాదాపు జరగని పని.

"ఇది ఆట కాదురా. ఆ ఫోన్‌లో ఉన్నది యాభై రెండు ముక్కల కట్ట కాదు. నీకు ఏ ముక్క ఇవ్వాలో ఆట నడిపేవాళ్ళే ముందుగా పెట్టుకున్నారు."

ఇక మానేస్తాడనుకున్నాను. వాడు ఆ గీతల మీద వేలు పెట్టి మళ్ళీ లెక్కపెట్టాడు.

"అంటే దానికీ ఒక పద్ధతుందన్నమాట," అన్నాడు. "పద్ధతుంటే పట్టుకోవచ్చు."

వర్షాకాలం మొదట్లో మా మరదలు కాలేజీకే ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "వదినా, ఈయన క్వారీలో ఆగాల్సినంత సేపు ఆగట్లేదంట. పేలని గుంట దగ్గరికి ముందే వెళ్ళిపోతున్నారంట. మీరొకసారి మాట్లాడండి. నా మాట వినట్లేదు."

ఆ సాయంత్రమే బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళాను. తమ్ముడు వరండాలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. నేనడిగితే దాచలేదు.

"ఇన్నేళ్ళలో నేను ఆగిన ఏ గుంటా ఆలస్యంగా పేల్లేదక్కా. రాసి చూసుకున్నా. ఛాన్సెంతో నువ్వే చెప్పు."

"ఆగకుండా ఎన్నిసార్లు వెళ్ళావు?"

"ఆరు."

"ఏడోసారి పేలితే?"

"ముక్కలకి జ్ఞాపకం ఉండదన్నావుగా," అని నవ్వాడు.

ఆ నవ్వులో ఎగతాళి లేదు. నేను నేర్పినదాన్ని సరిగా అప్పజెప్పానన్న తృప్తి ఉంది. ముక్క రాకపోతే మళ్ళీ ఆడొచ్చని, గుంట పేలితే మళ్ళీ ఆడేవాడే ఉండడని చెప్పాను. తలూపాడు. చూపు ఫోన్ మీదే ఉంది.

మర్నాడు పొద్దున్నే క్వారీ ఆఫీసుకి వెళ్ళి మేనేజరు గారితో అంతా చెప్పాను. ఆయన, "అతను ఒంటరిగా వెళ్ళట్లేదండి. వెనకాల ఇద్దరు కూలీలు వెళ్తున్నారు," అన్నారు. ఆ సంగతి నాకు తెలియదు. ఆ రోజే వాణ్ణి పేలుళ్ళ పని నుంచి తప్పించి, లారీలు తూచే కాటా దగ్గర కూర్చోబెట్టారు.

ఎనిమిది నెలలు తమ్ముడు నాతో మాట్లాడలేదు. మొన్న వీరులపాడులో బంధువుల పెళ్ళికి వెళ్తే, భోజనాల దగ్గర వాడే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మరదలు వాడికి అటుపక్క కూర్చుంది.

"చెప్పింది నువ్వేనని తెలుసక్కా. కోపం లేదులే," అన్నాడు.

"ఇంకా ఆడుతున్నావా?"

"కాటా దగ్గర పనేముంటుంది? ఇప్పుడు తీరికెక్కువ," అన్నాడు.

మరదలు సగం తిన్న ఆకు మడిచి లేచి వెళ్ళిపోయింది.