పాటకు ముందు పీపా మోత

నాగశివ ఫోను మోగదు. జేబులో వణుకుతుంది, అంతే. బాపట్లలో సెల్ షాపు నడిపే మనిషి, పొద్దస్తమానం పదిమంది ఫోన్లు మోగించి చూసే మనిషి, తన ఫోను నోరు ఎందుకు నొక్కేశాడో తెలియాలంటే అతనికి పాటల పిచ్చి ముదిరిన రోజుల దగ్గరికి వెళ్లాలి.

అది రెండువేల ఎనిమిది. నాగశివది సూర్యలంక దారిలో, సరుగుడు తోట చాటున ఉన్న చిన్న పల్లెపాలెం. తండ్రి అంకయ్య సముద్రం మీద వేటకి వెళతాడు, తల్లి పద్మావతి చేపలు అమ్ముతుంది. కొడుక్కేమో పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకని బాపట్లలో ఒక సెల్ షాపులో కుదిరి, జనం మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించేవాడు. ఊరందరికీ ఎవరెవరి పాటలో ఎక్కించి ఎక్కించి, తన పాటలు ఒక్కరూ అడగరేమని దిగులు పడ్డాడు. తనే పాటలు కట్టేవాడు, షాపు కంప్యూటర్లోనే పాడి రికార్డు చేసేవాడు. గొంతు బాగానే ఉండేది. వినే దిక్కే లేదు.

దారి చూపించినవాడు తెనాలిలో నెట్ సెంటర్ పెట్టిన విజయసారథి. సినిమా వాళ్ల గడప తొక్కలేని కుర్రాళ్ల పాటలు పోగేసి, ఎవరైనా ఊరికే దించుకునేలా ఒక వెబ్‌సైటు నడిపేవాడు. మహా మాటకారి. ఊరికే ఇచ్చేదాన్ని కూడా బేరమాడి అంటగట్టేవాడిలా మాట్లాడేవాడు.

"పాట ఊరికే ఇచ్చెయ్యవోయ్, నీ గుర్తు మాత్రం అంటించి ఇవ్వు" అన్నాడు. "పేరు చెబితే ఎవడికి గుర్తుంటుంది? ఒక చప్పుడు పెట్టు. ప్రతి పాటకీ ముందు అదే చప్పుడు. అది వినపడగానే ఎక్కడున్నవాడైనా తలెత్తి చూడాలి."

తలెత్తి చూడాల్సిన చప్పుడంటే నాగశివకి బుర్ర బద్దలు కొట్టుకోవాల్సిన పనే లేకపోయింది. వాళ్ల పాలెం ఒడ్డున ఒక ఖాళీ డీజిల్ పీపా వేలాడుతుంటుంది. పడవ ఆపదలో పడితే, చూసినవాళ్లు దాన్ని ఇనప రాడ్డుతో కొడతారు. రెండు దెబ్బలు, కాస్త ఆగి, గబగబా మూడు. ఆ మోత వింటే మగవాళ్లు తింటున్న కంచం వదిలేసి పడవలు తోస్తారు, ఆడవాళ్లు తాళ్లు పట్టుకుని పరిగెత్తుతారు. ఊరికే కొట్టే అలవాటు లేదు. ఆటకి కొట్టిన పిల్లల వీపు, ఎవరి పిల్లలని చూడకుండా విమానం మోత మోగిస్తారు.

ఆ సంగతి నాగశివకి తెలియక కాదు. అందుకే ఒడ్డున ఉన్న పీపాని ముట్టలేదు. షాపు వెనక దొరికిన ఇంకో పీపాని అదే వరసలో కొట్టి రికార్డు చేశాడు. ఆ పీపా వేరు, ఈ పీపా వేరు, తప్పేముందని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. తప్పంతా అక్కడే ఉంది.

పడవ బొమ్మతో స్టిక్కర్లు అచ్చు వేయించి తెనాలి, రేపల్లె, బాపట్ల బస్టాండ్లలోనూ ఆటోల వెనకా అంటించారు. "ఊరికే ఎక్కించుకోండి, పదిమందికీ పంచండి" అని వాటి మీద రాయించారు. జనం ఎక్కించుకున్నారు, పంచారు కూడా. రేపల్లె ప్యాసింజర్ రైల్లో బ్లూటూత్ మీద ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి దూకింది పాట. పాట సంగతేమో గానీ, ముందున్న మోత జనానికి తెగ నచ్చింది. దాన్ని మాత్రం కోసి రింగ్‌టోను చేసుకున్నారు. నాగశివకి కాళ్లు నేల మీద నిలవలేదు.

పాలెంలో అది మొదటిసారి మోగినప్పుడు వలలు బాగుచేసుకుంటున్నవాళ్లందరూ లేచి పరుగు తీశారు. ముసలి వెంకటరత్నమ్మ గంప పారేసి పరిగెత్తబోయి, కాలు మడతపడి ఇసకలో పడింది. ఆమె పెనిమిటిని మింగింది ఆ సముద్రమే. తీరా చూస్తే ఎవరిదో ఫోను. పాలెమంతా పడీ పడీ నవ్వింది. రెండోసారి సగం మందే లేచారు. పోనుపోను ఎవరూ లేవలేదు. మన నాగశివ పాటేనని మురిసిపోతూ ఫోను ఎత్తేవాళ్లు. వెంకటరత్నమ్మ ఒక్కతే ప్రతిసారీ లేచి, కుంటుకుంటూ ఒడ్డు దాకా వెళ్లి చూసి వచ్చేది.

"నవ్వరా, నువ్వు కూడా నవ్వు" అందామె ఒకరోజు నాగశివతో. "నాకైతే నవ్వు రావట్లా."

ఆ మాటతో అతనికి భయం పట్టుకుంది. తండ్రి వేటకి వెళ్లిన రోజున షాపులో ఎవరి ఫోన్లో ఆ మోత వినపడినా ఉలిక్కిపడి లేచేవాడు. ఆ మోతకి ఎవరూ తలెత్తకపోవడం చూస్తే ఇంకా భయమేసేది.

తెనాలి వెళ్లి "ఆ పాటలు తీసెయ్యండి సార్, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

విజయసారథి అతని కళ్ల ముందే తీసేశాడు. "నా సైటులోంచి తీశాను. జనం ఫోన్లలోంచి ఎట్లా తియ్యనోయ్? ఎవరి దగ్గరుందని వెతుకుతాం?"

మర్నాడు రేపల్లె వెళ్లి సెల్ షాపుల్లో బతిమాలాడు. "అందరూ పాట ఎక్కించమని తిరుగుతారు. నువ్వేంటి తమ్ముడూ, తీసెయ్యమని తిరుగుతున్నావ్?" అని నవ్వారు. ఆ పొద్దున్నే గాలి తిరిగి, సముద్రం పొంగింది. పాలెంలో మిగతావాళ్లు వేటకి వెళ్లకుండా ఆగిపోయారు గానీ, అంకయ్య పడవ అప్పటికే వెళ్లిపోయింది. నాగశివ తిరుగు బస్సులో కూర్చుని, వంగిపోతున్న తాడిచెట్లని చూస్తూ దారంతా దేవుడికి మొక్కుకున్నాడు.

పాలెంలో దిగేసరికి మధ్యాహ్నమైంది. రెండు దెబ్బలు, కాస్త ఆగి, మూడు.

నాగశివ జేబు తడుముకున్నాడు.

ఫోను తీసి చూస్తే మోగడం లేదు. మోత మాత్రం మళ్లీ వినపడింది. ఒక ఇంటి పంచలో మగవాళ్లు పేకాడుతున్నారు. ఒకడు తన ఫోను చూసుకుని "నాది కాదు" అన్నాడు. ఇంకొకడు "ఎవరిదో గానీ ఎత్తరేంట్రా" అని విసుక్కున్నాడు. తాళ్ల చుట్ట భుజాన వేసుకుని సరుగుడు తోటలోంచి ఒడ్డుకి పోతున్నది వెంకటరత్నమ్మ ఒక్కతే.

నాగశివ పేకముక్కల మీద పడి వాటిని చెల్లాచెదరు చేసి, "ఫోను కాదు, పీపా! మా అయ్య పడవ!" అని కేక పెట్టాడు. అతని మొహం చూశాక గానీ వాళ్లు లేవలేదు.

ఒడ్డున పద్మావతి పీపా కొడుతూనే ఉంది. ఆమె అరచేతులు చిట్లి రాడ్డు ఎర్రబడింది. అలలు విరిగే చోట పడవ బోర్లా పడి ఉంది. అంకయ్యా అతనితో వెళ్లిన ఇద్దరూ దాన్ని కరుచుకుని వేలాడుతున్నారు. పడవలు తోశారు. సముద్రమంటే కడుపులో తిప్పే నాగశివ కూడా ఎక్కి తెడ్డు పట్టాడు. ముగ్గురినీ ప్రాణాలతో ఒడ్డుకి చేర్చారు.

ఇసకలో పడుకోబెడితే, ఉప్పునీళ్లు కక్కి అంకయ్య కళ్లు తెరిచాడు. అతనిలో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగాడు.

"పీపా నాకు వినపడతానే ఉందిరా. మీ అమ్మ కొడతా ఉంటే కనపడతానే ఉంది. ఎవరూ రాలేదేంట్రా?"

నాగశివ తండ్రి పాదాలు పట్టుకుని, చెప్పడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గుంపులో ఎవరి జేబులోనో మోగింది. రెండు దెబ్బలు, కాస్త ఆగి, మూడు. ఒక్కరూ కదల్లేదు. సిగ్గుతో తలలు దించుకున్నారు.

అంకయ్య ఒక్కడే మోచేతుల మీద లేచి, వణుకుతూ సముద్రం వైపు తిరిగాడు.

"లేవండ్రా" అన్నాడు, "ఇంకెవరో మునుగుతున్నారు."