అక్క కోసం ఎంచిన బండి

ఇప్పుడు మా వీధి కుర్రాళ్ళు మోటారు సైకిళ్ళ మీద నేపాల్ దాకా, భూటాన్ దాకా పోయి వస్తున్నారు. పోయే ముందు ఒక్కొక్కడూ నా దగ్గరికి వచ్చి, ఏ బండి అయితే నడుము పట్టేయదో చెప్పమంటాడు. నలభై ఏళ్ళు మెదక్‌లో బండ్లు బాగు చేసినవాణ్ణి, నాకు తెలియనిదేముంటుందని వాళ్ళ నమ్మకం. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలంటాను. హ్యాండిల్ పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగి ఉండాలంటాను. వెనక స్ప్రింగు నొక్కి చూపిస్తాను. రంగు చూసి బండి కొనేవాణ్ణి తిట్టి పంపిస్తాను. నేను కూడా ఒకప్పుడు బండి మీద పరాయి దేశానికి బయలుదేరానని మాత్రం వాళ్ళకు చెప్పలేదు.

ఆ పరాయి దేశం షోలాపూర్. నవ్వుకుంటే నవ్వుకోండి. పోలీసు యాక్షన్‌కు నాలుగు నెలల ముందు మాట ఇది. మేము నిజాం రాజ్యంలో ఉన్నాం, షోలాపూర్ ఇండియన్ యూనియన్‌లో ఉంది. మధ్యలో సరిహద్దు, సుంకం నాకాలు, తుపాకులు పట్టుకున్న సిపాయిలు. మా బావ రేగోడ్ దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. బడి మీద మూడు రంగుల జెండా కట్టాడని వారంటు పుడితే, రాత్రికి రాత్రి సరిహద్దు దాటి షోలాపూర్ పక్కన ఒక శిబిరంలో తలదాచుకున్నాడు. అక్క మెదక్‌లో నా దగ్గరికి వచ్చింది. అమ్మానాన్నలు అప్పటికే లేరు. అక్కకు నేను, నాకు అక్క.

అక్కకు ఎనిమిదో నెల. పోలీసులు రెండుసార్లు వచ్చి బావ జాడ అడిగిపోయారు. మూడోసారి వచ్చినప్పుడు జమేదారు అరుగు మీద కూర్చొని, మంచినీళ్ళు అడిగి తాగి, చాలా మర్యాదగా చెప్పాడు. "వారం దినాల్ల మీ బావ జాడ చెప్పకపోతే మీ అక్కను ఠాణాకు తోల్కపోతం. మల్ల నన్నేమనొద్దు." ఠాణాకు పోయిన ఆడవాళ్ళ సంగతి అందరికీ తెలుసు. ఇక అక్కను షోలాపూర్ చేర్చడం తప్ప నాకు దారి లేదు.

చేర్చడం ఎలా? బస్సులు బొగ్గు పొయ్యి మీద నడుస్తున్నాయి. పెట్రోలు సరిహద్దు దాటి రావడం లేదు. ప్రతి నాకా దగ్గర బస్సు ఆపి ఆడవాళ్ళ మూటలు కూడా విప్పిస్తున్నారు. ఎడ్లబండి మాట ఎత్తితే దవాఖానా డాక్టరమ్మ నన్ను చెడామడా తిట్టింది. అక్కకు అంతకుముందు ఒక కాన్పు ఏడో నెలలోనే పోయింది. "కుదుపు తగిలిందా, ఇది కూడా పోతుంది" అన్నది. అందుకే ఆ వారమంతా నాకు కుదుపు తప్ప వేరే ధ్యాస లేదు.

నేను పనిచేసే షెడ్డులో అప్పుడు రెండు మోటారు సైకిళ్ళున్నాయి. ఒకటి బడుల ఇన్‌స్పెక్టరుది. సన్నగా, ఎత్తుగా ఉండేది. వెనక కూర్చునేచోట ఇనుప పలక, దాని మీద పేరుకు ఒక తోలు ముక్క. రెండోది పక్కన తొట్టి తగిలించిన బరువైన బండి. రేగోడ్ వైపు పనిచేసిన ఒక పోలీసు అమీన్ సాబ్‌ది. బాగు చేయమని పంపి, బదిలీ మీద ఎటో పోయాడు, రెండు నెలలైనా తీసుకుపోలేదు. తొట్టిలో మంచి మెత్త ఉంది, ముందర గాలి తగలకుండా చిన్న తలుపు ఉంది. ఇంజను మెల్లగా, లోగొంతుతో, ముసలాయన గుటకలు మింగుతున్నట్టు కొట్టుకునేది.

నేను పరీక్ష పెట్టాను. చెంబు నిండా నీళ్ళు పోసి ముందు మొదటి బండి వెనక కట్టుకొని హవేలిఘనపూర్ దాకా పోయి వచ్చాను. చెంబులో సగం కూడా మిగలలేదు. తర్వాత అదే చెంబు తొట్టిలో పెట్టి అదే తొవ్వన పోయి వచ్చాను. గుక్కెడు నీళ్ళు తొణికాయేమో. నాకు ఎంత గర్వమైందో చెప్పలేను. అక్కను షోలాపూర్‌లో దించేసినట్టే అనిపించింది.

షెడ్డు యజమానిని నేను ఉస్తాద్ అనేవాణ్ణి. ఆయన తురక మనిషి, బావ పాఠం చెప్పిన పిల్లల్లో ఆయన తమ్ముడి కొడుకు కూడా ఉన్నాడు. నేను బండి అడిగితే ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"మస్తు నెమ్మదిగుంటది బేటా, అబద్ధం కాదు. నంబరు పలక చూసి నాకాల కాడ గూడ ఎవడు ఆపడు. కాని నా దిల్ ఒప్పుతలేదు."

"ఎందుకు ఉస్తాద్?"

"ఏమో. ఇది షెడ్డుల ఉన్నప్పటి సంది పిల్లి గూడ లోపలికొస్తలేదు."

నేను నవ్వాను. పిల్లి రాకపోతే ఎలుకలు చూసుకుంటాయిలే అన్నాను. ఆయన నవ్వలేదు. దాచిపెట్టిన పెట్రోలు డబ్బాలు రెండు ఇచ్చాడు, దుమ్ము పడకుండా తన ఖాకీ కోటు కూడా ఇచ్చాడు. ఆ సాయంత్రం తొట్టి శుభ్రం చేస్తూ మెత్త ఎత్తితే అడుగున గాజు ముక్కలు కనిపించాయి. చేతి గాజులవి, పచ్చవి, ఒక దోసెడు. అమీన్ సాబ్ పెళ్ళాం గాజులేమో అనుకొని ఊడ్చి పారేశాను. ఆ వయసులో బుర్ర అంతే.

తెల్లవారుతూనే బయలుదేరాం. అక్క తొట్టిలో ఒరిగి కూర్చొని కొంగు తలచుట్టూ బిగించుకుంది. చర్చి శిఖరం వెనకబడే దాకా అక్క వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఎండ ఎక్కాక అక్కకే హుషారు వచ్చింది. "ఊయలల కూసున్నట్టున్నదిరా తమ్మీ. నేను షోలాపూర్‌ల దిగ, గిట్లనే బొంబాయి తోల్కపో" అన్నది. దారిలో రెండు నాకాలు తగిలాయి. మొదటిదాని దగ్గర సిపాయి నంబరు పలక చూసి సలాం కొట్టాడు. నేను కూడా గొప్పగా తల ఊపాను.

రేగోడ్ దాటి రెండు మైళ్ళు పోయాక మొదటి పల్లె వచ్చింది. అక్కకు దాహమైంది. బండి ఆపాను. వీధిలో మనిషి లేడు. ఒక ఇంటి ముందు రోట్లో దంచుతున్న మిరపకాయలు అలాగే ఉన్నాయి, రోకలి పక్కన పడి ఇంకా కొంచెం దొర్లుతోంది. ఒక ఇంట్లో పొయ్యి మీద అంబలి పొంగి నిప్పుల మీద చిమ్ముతోంది. చేద బావి దగ్గర గిలక తిరుగుతూనే ఉంది. పిలిచాను. ఎవరూ పలకలేదు. నేనే నీళ్ళు చేది అక్కకు ఇచ్చాను.

"అందరు ఏడవోయిండ్రురా?" అన్నది అక్క.

"జాతర ఉన్నదేమో" అన్నాను.

రెండో పల్లె కూడా అంతే. ఈసారి ఒక దూలానికి కట్టిన ఊయల ఊగుతోంది, లోపల ఉన్న గుడ్డ ఇంకా వెచ్చగా ఉంది. కుక్కలు కూడా లేవు. నా వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించింది, తిరిగి చూస్తే మూసిన తలుపులే. అక్క హుషారు పోయింది. "మనం చచ్చిపోయినమారా తమ్మీ? మనకే ఎవరు కనవడుతలేరా?" అని మెల్లగా అడిగింది. నేను కసురుకున్నాను. నాకూ అదే అనుమానం వచ్చిందని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

మూడో పల్లె చిన్నది. ఇరవై గుడిసెలు, వాటి వెనక దట్టమైన ఈతవనం, ఆ వెనక వాగు. ఊరి మొదట్లోకి వచ్చేసరికి అక్క నా కోటు పట్టుకొని లాగింది. ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. నొప్పులు మొదలయ్యాయి.

బండి ఒక చింత కింద ఆపి ఇంటింటికీ పరుగెత్తాను. ఒక ఇంట్లో కంచంలో జొన్నరొట్టె, సగం కొరికినది. ఇంకో ఇంట్లో చుట్ట కాలుతూ గట్టు మీద ఉంది. మంత్రసాని కావాలని అరిచాను, మా అక్కకు నొప్పులొస్తున్నాయని అరిచాను, దండం పెడతానని అరిచాను. గాలి లేదు. అయినా ఈతవనంలో ఒకచోట మట్టలు కదిలాయి, మళ్ళీ ఆగిపోయాయి. అటు పోయి నిలబడ్డాను. పొదల్లోంచి ఒక పసిబిడ్డ దగ్గు వినిపించింది. సగంలో ఆగిపోయింది, ఎవరో నోటి మీద చేయి పెట్టినట్టు. అక్కడ ఊరంతా ఉందని నాకు అర్థమైంది. వాళ్ళ ఊపిరి వినిపిస్తున్నంత దగ్గరగా నిలబడ్డాను. నేను రెండడుగులు ముందుకు వేస్తే లోపల మట్టలు రెండడుగులు వెనక్కు జరిగాయి. ఎంత బతిమాలినా ఒక్కరూ మాట్లాడలేదు. అంత భయం నాకు మళ్ళీ ఎన్నడూ కలగలేదు. నాకు తెలిసిన భయమంతా పోలీసులంటే. ఇక్కడ నన్ను చూసి వాళ్ళు భయపడుతున్నారు.

తొట్టిలోంచి అక్క ఏడుపు సాగుతూనే ఉంది. దించుదామంటే లేవలేకపోయింది. నేను ఆమె తల పట్టుకొని కూర్చున్నాను. పొద్దు నడినెత్తి నుంచి చింత కొమ్మల అవతలికి జారింది. ఎండలో ఆ గుడిసెలు, తెరిచి ఉన్న తలుపులు, పొయ్యిలలోంచి సన్నబడుతున్న పొగ. అక్క ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, చివరికి ఒక అరుపు అరిచింది. అలాంటి అరుపు నేను అంతకుముందు వినలేదు. ఏడుపు కాదు, లోపలి నుంచి ఎత్తి తోసినట్టుంది.

అప్పుడు ఈతవనంలోంచి ఒక ముసలావిడ బయటికి వచ్చింది. ఒంగి, చేతులు ముందుకు చాపి, నా వైపు చూడకుండా నేరుగా తొట్టి దగ్గరికి నడిచింది. ఆమె వెనక ఇద్దరు ఆడవాళ్ళు, ఆ వెనక ఇంకా నలుగురు. అక్కను చేతుల మీద ఎత్తి దగ్గరి గుడిసెలోకి తీసుకుపోయి తలుపు వేశారు. మగవాళ్ళు ఈతమట్టల అంచున నిలబడి నా ఖాకీ కోటు వైపు చూస్తున్నారు. నేను కోటు విప్పి నేల మీద పడేశాను.

బిడ్డ ఏడుపు కోసం చెవులు రిక్కించుకొని కూర్చున్నాను. వినిపించలేదు.

చాలాసేపటికి ముసలావిడ బయటికి వచ్చి గడపలో కూలబడింది. "పెద్దప్రాణం దక్కింది" అన్నది. అంతే అన్నది. తర్వాత తనే చెప్పింది. "గంట ముందు నా చెయ్యి పడుతే రెండు దక్కుతుండె. పేగు మెడకు పడ్డది. నేను గీడనే ఉన్న అయ్యా. పదిబారల దూరంల ఉన్న. అంత ఇనుకుంటనే ఉన్న."

"మరి ఎందుకు రాలే అమ్మా?" అన్నాను. కోపంగా అనలేదు. నాకు కోపం కూడా మిగలలేదు.

"గా బండి సప్పుడు మాకు ఎర్కే. అమీన్ సాబ్ బండి. పోయిన కార్తీకంల గా తొట్టిలనే మా ఊరి పిల్లను తీస్కపోయిండ్రు. గది గూడ గిట్లనే ఏడ్సింది. మల్లొక పిల్లను పట్టుకొచ్చిండ్రు అనుకున్నం. ఆఖరి అరుపు ఇన్నంక ఎర్కైంది నాకు, ఇది కాన్పు నొప్పని."

"ఆ పిల్ల మళ్ళీ వచ్చిందా?"

ఆమె తల అడ్డంగా ఊపి, చేతులు కడుక్కోవడానికి లేచిపోయింది.

బిడ్డను వాగు ఒడ్డున పూడ్చిపెట్టారు. ఆడపిల్ల. నేను చూశాను, మా అమ్మ ముక్కే. అక్కను ఆ ఊళ్ళో పద్దెనిమిది రోజులు దాచుకున్నారు. వంతులేసుకొని వండిపెట్టారు. ముసలావిడ రాత్రీ పగలూ పక్కనే ఉండి కాళ్ళు పట్టింది, అక్క వద్దన్నా వినలేదు. బండిని నేను మళ్ళీ తొక్కి స్టార్ట్ చేయలేదు. ఈతవనంలోకి తోసి వదిలేశాను. దాన్ని ఏం చేశారో అడగలేదు. పోలీసు యాక్షన్ అయిపోయి నేను మెదక్ తిరిగి వచ్చాక ఉస్తాద్ కూడా దాని గురించి అడగలేదు. అమీన్ సాబ్ దాని కోసం రాలేదట.

అక్కకు కాస్త ఒంట్లో బలం వచ్చాక ఊరివాళ్ళే మమ్మల్ని ఎడ్లబండిలో బీదర్ దాకా దిగబెట్టారు. అక్కడి నుంచి బస్సులు మారి, ఆఖరి నాలుగు మైళ్ళు నాకా తప్పించుకొని పొలాల్లో నడిచి, షోలాపూర్ శిబిరం చేరాం. బావ రేకుల షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. ముందు అక్క ముఖం చూశాడు, తర్వాత కడుపు చూశాడు. ఏమైందని అడిగాడు.

"తొవ్వ మంచిగ లేకుండె" అన్నది అక్క. "బండి మస్తు ఎగిరేసింది."

బావ నా వైపు తిరిగాడు. "జర నెమ్మది బండి సూస్కోకపోతివారా" అన్నాడు. ఎగరలేదు బావా, గుక్కెడు నీళ్ళు కూడా తొణకలేదు అని చెప్పాలనిపించింది. అక్క నన్ను సూటిగా చూసింది. "తప్పైంది బావా" అన్నాను.

ఆ తర్వాత అక్క ఒంటరిగా దొరికినప్పుడు, అబద్ధం ఎందుకు చెప్పావని నిలదీశాను. ఆమె ఉతికిన బట్టలు పిండుతోంది, ఆపలేదు.

"ఆళ్ళు ఇనుకుంట గూసున్నరని చెప్తే మీ బావ ఆళ్ళను బతికినన్ని దినాలు తిడ్తడు. నిన్నైతే ఒక్క దినం తిడ్తడు."

బావ నన్ను ఒక్క రోజు కూడా తిట్టలేదు. కాకపోతే, ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికాడు గానీ, నేను నడిపే బండి మాత్రం ఎన్నడూ ఎక్కలేదు.