చెల్లి తిన్నదట, ఎక్కడుందో తెలీదు

పొద్దున్న గేటు దగ్గర కానాగంత చేపలు బేరమాడాల్సిన నేను ఫోన్ చూస్తూ నిలబడ్డాను. మా చెల్లి వీపున బ్యాగు తగిలించుకుని ఒక్కతే వియత్నాం తిరుగుతోంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఉలుకూ పలుకూ లేదు. చేపలమ్మే నూకాలమ్మకి చెప్పాను.

"ఏ ఊర్లో ఉందమ్మా?"

"తెలీదు."

"మల్లెప్పుడు ఫోన్ సేత్తానంది?"

"నేనడగలేదు."

ఆవిడ గంప దించేసింది. "మా ఆయన ఏటకెల్తే ఏ దిక్కుకెల్తన్నాడో, ఎప్పటికొత్తాడో సెప్పందే పడవ తొయ్యడు. ఆ టైం దాటితేనే మేం ఎతుకుతాం. నువ్వెప్పుడని బెంగెట్టుకుంటావు, ఎక్కడని ఎతుకుతావు?"

నాకు ఒళ్లు మండింది. కోపం ఆవిడ మీద కాదని ఫోన్ తెరిచాక తెలిసింది. ఐదు రోజులుగా నేను పెట్టిన మెసేజీలన్నీ ఒకటే: "తిన్నావా?"

ఏ ఊరు, ఏ హాస్టల్, మళ్లీ ఎప్పుడు మెసేజ్ పెడతావు అని గబగబా టైప్ చేస్తుండగానే దాని జవాబు వచ్చింది: "తిన్నా అక్కా. బస్సెక్కుతున్నా." నా ప్రశ్నలు పంపేలోపే ఆఫ్‌లైన్.

సాయంత్రం ఆరయింది. ఆ మూడు ప్రశ్నలూ ఒక్క టిక్కుతోనే ఉన్నాయి. వంటింటికీ వీధి గుమ్మానికీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలీదు. దాన్ని తిట్టడానికీ లేదు, అడిగినదానికి జవాబిచ్చింది కదా!

మీ వాళ్లు ఊరు దాటితే మీరేం అడుగుతారో చెప్పండి. "తిన్నావా" మాత్రం నేను అడిగేశాను.