అమావాస్య సెలవు

ఈ రోజు అమావాస్య. మా వాడలో సాంచాలు బందు. కరెంటు మగ్గాలను మేము సాంచాలంటాం. మిగతా రోజుల్లో ఆ చప్పుడుకు పక్కన కూర్చున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. అందుకే ఎవరికైనా నిదానంగా చెప్పుకోవాల్సిన కష్టం ఉంటే అమావాస్య దాకా దాచుకుంటారు. పొద్దున పెద్దపల్లి నుంచి ఒకామె, రక్తమెక్కించే ఆసుపత్రిలో మా సంగతి విని, ఆ నిశ్శబ్దాన్ని చూసుకునే వచ్చింది. చంకలో రెండేళ్ల పాప. నా మనవరాలికున్న జబ్బే ఆ పాపకూ ఉంది. తలసేమియా. ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి ఎక్కించాలి. ఎక్కించిన ప్రతి సంచితో ఇనుము లోపల పేరుకుంటుంది. దాన్ని బయటికి తోడడానికి రోజూ మందు వేయాలి. ఆమె అడిగింది ఒకటే మాట. "అమ్మా, మా చెల్లె పెండ్లున్నది, పదిరోజులు తల్లిగారింట్ల ఉంటం. గా పదిరోజులు మందు ఆపితె ఏమైతది? బిడ్డకు జర రెస్టు దొరుకుతది గద."

రెస్టు అన్న మాట వినగానే నాకు కోపమొచ్చింది. ఆమె మీద కాదు. ఆ మాట నా నోట్లోంచి ఎన్నిసార్లు వచ్చిందో నాకు తెలుసు.

నా మనవరాలికి ఎనిమిదో నెలలో జబ్బు బయటపడింది. తల్లిదండ్రులిద్దరి రక్తంలోనూ లోపముంటేనే పిల్లలకు వస్తుందని చెప్పారు. కోడలు నా అన్న బిడ్డే. మేనరికం, నేనే పట్టుబట్టి తెచ్చుకున్నాను. కాబట్టి ఆ రక్తం రెండు వైపుల నుంచీ నా పుట్టింటి నుంచే వచ్చిందని ఎవరూ నాకు గుర్తు చేయనక్కర్లేదు. అయినా శ్రీరాంపూర్‌లో ఉండే మా ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా గుర్తు చేసేది. వాళ్లాయన బొగ్గుబాయిలో పని. ఆమె పని ఊళ్లోవాళ్లందరి రోగాలకూ మందు చెప్పడం. చదువు నాకెంతో ఆమెకూ అంతే, కానీ ధైర్యం డాక్టరుకంటే ఎక్కువ.

మూడేళ్లు దాటాక మందు మొదలైంది. తెల్లటి బిళ్ల. పరగడుపున గాజు గ్లాసులో నీళ్లు పోసి, అందులో వేసి ప్లాస్టిక్ చెంచాతో కలపాలి. స్టీలు తగలకూడదన్నారు. కలిపితే గోడకు వేసే సున్నం నీళ్లలా ఉండేది. ఒకసారి నేను నాలుక మీద వేసుకుని చూశాను. నాలుక మీద సుద్దముక్క అరగదీసినట్టుంది. పిల్ల గ్లాసు చూడగానే తలుపు చాటుకు పోయేది. ముక్కు మూసి తాగిస్తే సగం నా చీర మీద కక్కేది. నూలు కండెలు చుట్టుకుంటూ కూర్చున్న నాకు రోజు మొదలయ్యేది ఆ ఏడుపుతోనే. ఆ ఏడుపు నాకు పడేది కాదు. దాన్ని నేను ప్రేమ అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తుంది, అందులో సగం ఓపిక లేకపోవడం.

పిల్లకు ఏడేళ్లప్పుడు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పిల్లను చూసే కరీంనగర్ డాక్టరే నాలుగు రోజులు మందు ఆపమన్నాడు. తగ్గాక వెంటనే మొదలుపెట్టమని కూడా చెప్పాడు. మేం ఆపమన్న మాటను చెవిలో భద్రంగా కట్టుకుని, మొదలుపెట్టమన్న మాటను బస్టాండులో వదిలేసి వచ్చాం. ఆ నాలుగు రోజులు పిల్ల పొద్దున్నే నవ్వుతూ లేచింది. అదే సమయానికి ఆడబిడ్డ వచ్చింది. గుమ్మంలో కూర్చుని అటుకులు నములుతూ శాస్త్రం చెప్పింది.

"వదినె, ఇనుప సాంచకే అమాసకు అమాసకు సెలవిస్తం. గీ పసిదాని పేగులకు ఇయ్యమా?"

నేత నేసే మా సాలోళ్లకు దీనికంటే పెద్ద మాట ఉండదు. అమావాస్య నాడు మగ్గం కదిలిస్తే కీడని మా అత్త, ఆమె అత్త, అందరూ నమ్మినవాళ్లే. ఆ రోజు మరకు నూనె వేసి, బొట్టు పెట్టి, దండం పెట్టి వదిలేస్తాం. ఆడబిడ్డ మాట నాకు శిలాశాసనమైంది. కోడలు మాత్రం చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడి మెల్లగా అన్నది.

"అత్తా, డాక్టర్ సార్ గట్ల చెప్పలే గద. డబ్బ మీద సుత రాసిచ్చిండ్రు."

"రాసినోళ్లకేం ఎరుక, తాగేది వాళ్లా? నేను నలుగురిని సాదిన. నాకు చెప్పొద్దు నువ్వు," అన్నాను. నలుగురిని సాకాను, నిజమే. ఆ నలుగురిలో ఒక్కరికీ ఈ జబ్బు లేదన్న సంగతి ఆ నిమిషాన గుర్తు రాలేదు.

అట్లా అమావాస్య సెలవు మొదలైంది. సెలవు సంగతి మీకు తెలుసు, ఒక్క రోజుతో ఎవరికీ తృప్తి ఉండదు. ముందురోజు చతుర్దశి మంచిది కాదన్నాం. మర్నాడు పాడ్యమి, పాడ్యమి నాడు కొత్త పని మొదలుపెట్టరన్నాం. మందు కొత్త పని ఎట్లా అయిందో దేవుడికే తెలియాలి. తర్వాత బతుకమ్మ తొమ్మిది రోజులు. తర్వాత చుట్టాలొస్తే, వాళ్ల ముందు గ్లాసు తీయకూడదు. ఆడబిడ్డ బిడ్డ పెళ్లికి శ్రీరాంపూర్ పోయినప్పుడైతే మందు డబ్బా ఇంట్లోనే పెట్టి తాళం వేసి పోయాం. "పిల్లగాని దిక్కోళ్లు చూస్తె మా ఇంటి రక్తానికి పేరు పెడ్తరు వదినె, జర ఆగుండ్రి," అన్నది ఆడబిడ్డ. ఆగాం. పన్నెండు రోజులు. ఆ పెళ్లిలో నేను మూడుసార్లు లడ్డూ వేయించుకుని తిన్నాను. ఆ లడ్డూ తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో మన్ను పోసుకున్నట్టుంటుంది.

దగ్గర దగ్గర రెండేళ్లు ఇట్లా గడిచింది. ఇనుము పరీక్ష చేసినప్పుడల్లా అంకె పెరిగేది. డాక్టరు నుదురు రుద్దుకుని బిళ్ల పెంచేవాడు. మేం బుద్ధిగా తల ఊపి, పెంచిన బిళ్లను కూడా సెలవుల్లో కలిపేవాళ్లం. చివరికి గుండెకు స్కానింగు తీయించాడు. కాగితం రెండుసార్లు చదివాడు. గుండెలో కూడా ఇనుము చేరిందన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మందు ఎన్నడన్న తప్పిందా అమ్మా?" అని అడిగాడు.

"ఒక్కరోజు తప్పలే సార్," అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, నా కొడుకు తలవంచుకున్నాడు.

పిల్ల కుర్చీలో కాళ్లూపుతూ కూర్చుంది. డాక్టరు బల్ల మీద చిన్న క్యాలెండరు ఉంది. దానిలో అమావాస్య గుర్తు మీద వేలు పెట్టి, "నల్ల చుక్క నాడు వెయ్యరు సార్. బాపమ్మ సెలవిస్తది," అంది. దాని గొంతులో ఫిర్యాదు లేదు. నన్ను మెచ్చుకుంటున్నట్టే అంది.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడితే నేనూ తిరిగి నాలుగనేదాన్ని. "సాంచ బందు పెడితె ఏమైతదమ్మా?" అని అడిగాడు. బట్ట రాదన్నాను. "పోగు?" అన్నాడు. పోగూ ఆగుతుందన్నాను. "మందు బందు పెడితె ఇనుము ఆగుతదా? మొన్నటి అమాస నాడు మీరే వచ్చి రక్తం ఎక్కిచ్చుకపోయిండ్రు. దానికి సెలవు లేదా మరి? జరమొస్తెనో వాంతులైతెనో ఆపాల్నంటె నేనే చెప్త. ఎన్నడు మొదలుపెట్టాల్నో సుత చెప్త. పండుగలను చూసి ఆపేది కాదమ్మా ఇది."

వచ్చే సంచిని ఏ అమావాస్యా ఆపలేదు. పోయే దారినే మేం మూశాం. ఇల్లంతా మురికి వచ్చి పడుతుంటే చీపురుకు దండం పెట్టి మూల నిలబెట్టినవాళ్లం మేము.

ఆ తర్వాత పొట్ట మీద చర్మంలోకి సూది గుచ్చి, సాయంత్రం కట్టి తెల్లారి విప్పే పంపు వచ్చింది. బిళ్లతో పాటు అదీ. సూది గుచ్చడం కోడలు నేర్చుకుంది. నేను అక్షరాలు నేర్చుకున్నాను. యాభై ఏడేళ్ల దాన్ని, మనవరాలు దాని పలక మీదే నేర్పింది. నా అ చూసి, "బాపమ్మా, గిది పండుకున్న బర్రె లెక్కుంది," అనేది. ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి మాట మందు డబ్బా మీద ఉంది. మొదటి రోజుల్లోనే నర్సమ్మ నీలం సిరాతో రాసిచ్చిందట. 'ప్రతిరోజూ'. కూడబలుక్కుని చదివాను. కోడలు పొయ్యి దగ్గర నుంచి తలెత్తి చూసింది. మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. ఒక మాట అన్నా బాగుండేది.

గుండెలో ఇనుము మెల్లగా తగ్గింది. దానికి నాలుగేళ్లు పట్టింది. కానీ తలలో మనిషిని పెంచే గ్రంథి ఒకటుందట, అక్కడ చేరిన ఇనుము చేయాల్సిన చెరుపు చేసింది. ఎదగాల్సిన కాలంలో పిల్ల ఎదగలేదు.

పొద్దున వచ్చినామెకు ఇదంతా చెబుతుండగా మనవరాలు గాజు గ్లాసు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆమె నా మనవరాలిని చూసి, పిల్లలతో మాట్లాడే గొంతుతో, "ఏం చదువుతున్నవ్ బిడ్డా? ఏడో తరగతా?" అని అడిగింది.

"డిగ్రీ రెండో ఏడు, అక్కా," అంది మనవరాలు. అలవాటే కనుక నవ్వింది. ఆ నవ్వు కూడా నాకు పడలేదు. తర్వాత గ్లాసు చూపించింది. "నేను గిది వెయ్యి సార్లు కక్కిన. అయినా వెయ్యుండ్రి. పెండ్లికి డబ్బ పట్టుకపోండ్రి. ఎవరన్న అడిగితె బిడ్డ మందని చెప్పుండ్రి, గంతే."

ఆమె పాపను ఎత్తుకుని, నా మనవరాలి పాదాల నుంచి తల దాకా ఒకసారి చూసి వెళ్లిపోయింది. డబ్బా పట్టుకుపోతుందనే అనుకుంటున్నాను.

వాడంతా నిశ్శబ్దం. సాంచాలు బొట్లు పెట్టుకుని పడుకున్నాయి. గ్లాసులో చెంచా తిరుగుతున్న టకటక ఒక్కటే వినిపిస్తోంది. మిగతా రోజుల్లో సాంచాల మోతలో కలిసిపోయే ఆ చప్పుడు అమావాస్య నాడే నాకు వినిపిస్తుంది. మర ఆగితే కాలం కూడా ఆగి మన కోసం కూర్చుంటుందని నమ్మినదాన్ని నేను. అది కూర్చోలేదు. నేను సెలవిచ్చిన రోజులన్నీ నా మనవరాలి ఒంట్లో పనిచేస్తూనే ఉన్నాయి.