కరీముల్లా సున్నపు గీత

విజయపురి సౌత్‌లో డ్యామ్ చూడవచ్చినవాళ్లు కాసేపు కూర్చునే పార్కు ఒకటుంది. దాని వెనక గరిక పెరిగిన ఎత్తయిన గట్టు. పోయిన ఏడాది కన్నుమూసేదాకా అది కరీముల్లాదే. పట్టా ఏమీ లేదు, ఊరంతా అట్లా అనేది.

మాచర్ల చుట్టుపక్కల మిరప చేలల్లో ట్రాక్టర్ తోలి తోలి తల నెరిసిన మనిషి. పార్కు ఇంకా తెరవకముందు, దాని కాంట్రాక్టరు వెంకట్రామయ్య గడ్డి కోసే బండి తెప్పించి ఆయన్ను సీటు మీద కూర్చోబెట్టినప్పుడు కరీముల్లాకు నవ్వు ఆగలేదు. స్టీరింగు లేదు. దాని చోట రెండు కడ్డీలు. రెండూ తోస్తే ముందుకు పోతుంది, ఒకటి తోసి ఒకటి లాగితే ఉన్నచోటనే బొంగరంలా తిరుగుతుంది. చదును నేల మీద త్వరగానే మచ్చికైంది. మిగిలింది గట్టు.

అక్కడ పాత అలవాటు కొంప ముంచింది. చేలో మట్టి గుల్ల చేసే గుంటక నేలను పట్టాలంటే దాని మీద మనిషిని నిలబెట్టి తోలతారు. బండి వాలు మీద ఒరుగుతుంటే కరీముల్లాకు అదే తోచింది. బామ్మర్ది జహీర్‌ని పిలిచి, గట్టు పైవైపున్న బండి అంచు మీద బరువుగా నిలబడమన్నాడు. గరిక మీద పొద్దుటి మంచు ఇంకా ఆరలేదు. సగం ఎక్కేసరికి చక్రాలు జారాయి. జహీర్ దూకాడు, వాడి కాలు బ్లేడ్ల పక్కనే పడింది. బండి పక్కకు కొట్టుకుపోయి, గట్టు పక్కనున్న కాలవ ఒడ్డు పిట్టగోడకు తగిలి ఆగింది.

వెంకట్రామయ్య కేకలెయ్యలేదు. "ఇంకొక్కసారి జారిందంటే సీటు దిగు కరీమూ. పార్కు తెరిచేలోపు హైదరాబాదు నించి డ్రైవర్ని పిలిపిస్తా" అన్నాడు.

ఆ మాటకు కరీముల్లాకు అన్నం సయించలేదు. ఇన్నేళ్లలో ఆయన్ను సీటు దిగమన్నవాళ్లు లేరు. తమ్ముడి నోట అంతా విన్న భార్య జరీనా కంచంలో కూర వేస్తూ అడిగింది: "ఏందయ్యా, బండి తోలావా, గుంటక తోలావా? నా తమ్ముడు నీకు బరువుకేసే రాయిలాగా కనపడ్డాడా?"

మర్నాడు ఆయన బండి జోలికి పోలేదు. చెప్పులు విడిచి గట్టంతా నడిచాడు. అరికాలు జారిన ప్రతిచోటా గుప్పెడు సున్నం పోశాడు. సాయంత్రానికి ఆ గుప్పిళ్లన్నీ కలిసి గట్టు మీద పాములా మెలికలు తిరిగిన తెల్లగీత అయింది. గీత కింద బండి తిరుగుతుందని, గీత పైన జరీనా, ఆమెతో కలుపు తీతకు పోయే ఆడవాళ్లు కొడవళ్లతో కోస్తారని వెంకట్రామయ్యకు చెప్పాడు.

"ఇంత బండి తెప్పించింది కొడవళ్లు పట్టిచ్చడానికా?" అన్నాడు వెంకట్రామయ్య.

"నా కాలు నిలవని చోట దాని చక్రం నిలవదయ్యా. నిలబడుద్దనుకుంటే మీరొచ్చి కూర్చోండి."

వెంకట్రామయ్య గట్టు వైపు చూసి మీసం నిమురుకున్నాడు, కూర్చోలేదు.

పార్కు తెరిచే రోజున ఎండ పడి గరిక ఆరేదాకా కరీముల్లా ఎవరు తొందరపెట్టినా కదల్లేదు. ఆ తరువాత, బండి బోల్తాపడినా మనిషి నలగకుండా కాచే ఇనప కమ్మీని సీటు వెనక ఎత్తి బిగించి, నడుముకు బెల్టు పెట్టుకుని, బండి మీదికి ఎవర్నీ రానివ్వక ఒక్కడే ఎక్కాడు. పిట్టగోడ పక్కన గడ్డి పట్టీని కొడవళ్లకే వదిలేశాడు. నిదానంగా తోలాడు, తిప్పాలంటే చదును దాకా పోయి తిప్పాడు.

మధ్యలో ఒకచోట చక్రం జర్రున జారింది. పైన కొడవళ్లు ఆగిపోయాయి. ట్రాక్టర్ చేతులు కడ్డీలను ఒక్క ఊపున వెనక్కి గుంజబోయాయి. కరీముల్లా వాటిని ఆపుకున్నాడు. బ్లేడ్లు ఆపి, కడ్డీలను నెమ్మదిగా కదుపుతూ బండిని తిన్నగా చదునుకు దించాడు. దిగి, ఆ జారిన చోటును కూడా గీత పైకి కలిపేస్తూ సున్నం పోశాడు. మళ్లీ ఎక్కాడు.

జనం గేటు దగ్గరకు వచ్చే వేళకు బండి కింది నుంచి, కొడవళ్లు పైనుంచి గీత దగ్గర కలుసుకున్నాయి. గట్టంతా దువ్విన తలలా ఉంది.

"ఎవరు ముందయ్యా?" అంది జరీనా చెమట తుడుచుకుంటూ.

"నువ్వే. నేను మధ్యలో దిగొచ్చా గదా" అన్నాడు కరీముల్లా, ముఖమంతా వెలిగిపోతుంటే.

వెంకట్రామయ్య బండి తాళంచెవి ఆయన జేబులో వేసి, ఇక ఇంటికే తీసుకుపొమ్మన్నాడు. హైదరాబాదు డ్రైవరు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడా తాళంచెవి జహీర్ దగ్గరుంది. వానలకు గీత చెరిగిన ప్రతిసారీ, బండి తియ్యకముందు, అతను గట్టు కింద చెప్పులు విడుస్తాడు.